కాంటెస్సా వెనక టైరు లాంచ్‌లోనే జారుతున్నది, పట్టు ఎట్ల పెంచాలె?

కాజీపేట కాంటెస్సా

అన్నలూ, బండి కాంటెస్సా క్లాసిక్, పాత కారు. 1.8 ఇసుజు పెట్రోల్ ఇంజన్‌కు చిన్న టర్బో ఎక్కించి ఉన్నది. చలికాలంల ఎయిర్‌స్ట్రిప్ మీద జరిగే క్వార్టర్ మైల్ డ్రాగ్ (దాదాపు 400 మీటర్ల సక్కటి పరుగు పందెం) కోసం తయారు చేస్తున్న. బండి ట్రైలర్ మీదనే పోతది, రోడ్డు మీద ఉరికించే ముచ్చట లేదు. వెనక 205/60 ఆర్15 మామూలు రోడ్డు టైర్లు, ట్రెడ్‌వేర్ 400, గాలి 32 పీఎస్‌ఐ. ఇంజన్ బలాన్ని రెండు వెనక టైర్లకు పంచే డిఫరెన్షియల్ ఓపెన్, లాక్ లేదు. కమాన్ కట్టలు (వెనక ఇరుసును మోసే ఇనుప పట్టీల స్ప్రింగులు) కంపెనీవే.

లాంచ్‌ల, అంటే నిలబడ్డ కాడి నుంచి ఉరికిచ్చేటప్పుడు, క్లచ్ వదలంగనే కుడి టైరు ఒక్కటే తిరిగి నల్ల గీత పడుతది. ఆ వెంటనే వెనక ధడధడమని బండి మొత్తం అదురుతది. సెకండ్ గేర్ పడేదాక ముందుకు సాగదు.

నాకు మూడు డౌట్లు. 235 టైర్లు వేస్తే పని అయితదా? డిక్కీల ఇసుక బస్తాలు పెట్టాల్నా? డిఫరెన్షియల్ వెల్డింగ్ కొట్టించాల్నా? ముందుగాల దేని మీద పైసలు పెట్టాలె?

కమాన్ మేస్త్రి

టైర్ల దుకాణానికి పోయే ముందు ఆ ధడధడ ఆపు తమ్మీ. టైరు జారుడు వేరు, ఎగురుడు వేరు. నీకు రెండూ ఉన్నయి. ఎగురుడు ఆగకుండ ఎంత మెత్తటి టైరు వేసినా లాభం లేదు. పైగా పట్టు పెరిగిన కొద్దీ అది టైరును తిప్పే హాఫ్ షాఫ్టును, గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకు వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసును ఇరగ్గొడుతది.

సంగతేందంటే, టైరు ముందుకు తిరగవట్టినప్పుడు ఇరుసు హౌసింగ్ వెనక్కి మెలివడుతది, పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి కలిసే ఇరుసు గేరు) ముక్కు పైకి లేస్తది. దాన్ని ఆపేది కమాన్ పట్టీలే కదా, కట్ట ముందు సగం వంకర తిరుగుతది. వంగినంత సేపు టైరు నేలను గట్టిగ పట్టుకుంటది. పట్టు తప్పంగనే కమాన్ ఒక్కసారి వెనక్కి తన్ని టైరును నేల నుంచి లేపుతది. మళ్ల కిందవడి పట్టుకుంటది, మళ్ల వంగుతది. నీకు వినబడే ధడధడ అదే. నమ్మకం కుదరకపోతే ఫోన్‌ను చాసిస్‌కు గట్టిగ కట్టి, పినియన్ దిక్కు తిప్పి స్లో మోషన్‌ల తియ్యి, ముక్కు లేసుడు కండ్లార కనబడుతది.

ముందుగాల పైసలు పెట్టే పని లేని చెకింగ్ చెయ్యి. ఇరుసును కమాన్‌కు కట్టే యూ బోల్టులు లూజుగ ఉన్నయా? పట్టీలను కలిపి పట్టే సెంటర్ బోల్ట్ తెగిందా? అది తెగితే ఇరుసు కమాన్ మీద ముందుకూ వెనక్కూ జరుగుతది, పట్టీల మీద కొత్త మెరుపు గీత కనబడుతది. కమాన్ ముందు కొస రంధ్రం, అదే ముందు కన్ను, దాని రబ్బరు బుష్షులను సబ్బల్‌తోని ఎత్తి చూడు. రబ్బరు చినిగి ఉంటే రెండు దిక్కులా మార్చు, ఒక్క దిక్కు మార్చకు.

తర్వాత మెలిని ఆపే ట్రాక్షన్ బార్లు. ఇరుసు కింది ప్లేటు నుంచి ముందుకు పోయే చదరపు పైపు, దాని కొసకు రబ్బరు గుండు. 40×40, 4 ఎంఎం మందం పైపు, 8 ఎంఎం ప్లేటు తీసుకో, ఆటోనగర్‌ల వెల్డింగ్ తెలిసిన ఎవరైనా చేసిస్తరు. కానీ కొలత నువ్వే దగ్గరుండి చూసుకోవాలె. రబ్బరు గుండు సరిగ్గ కమాన్ ముందు కన్ను కిందికే రావాలె. పైపు పొట్టిగ కోస్తే గుండు పోయి పట్టీ నడిమిట్ల తాకుతది. అప్పుడు మెలి ఆగుడు అటుంచు, పట్టీయే అక్కడ ఇరుగుతది. డ్రైవర్ కూసున్నంక ఎడమ దిక్కు గుండుకూ కమాన్‌కూ నడుమ 10–12 ఎంఎం సందు ఉంచు. కుడి దిక్కు ఆనీ ఆననట్టు ఉండాలె, ఎందుకంటే లాంచ్‌ల బరువు తగ్గి తేలేది ఆ టైరే.

కట్ట ముందు సగంల క్లాంపులు బిగించు, వెనక సగంల వదులుగ ఉంచు. ముందు సగం గట్టిగుంటే మెలి తగ్గుతది, వెనక సగం మెత్తగుంటే టైరు నేలను వదలదు. ఒక పట్టీ ఎక్కువ వేద్దామని అనుకోకు, అది లారీకి పనికొచ్చే ఉపాయం. నీ బండిని గట్టిగ చేసి గతుకు మీద ఎగిరిస్తది.

ఆఖరుకు పినియన్ కోణం. బండి నాలుగు టైర్ల మీద నిలబడి, డ్రైవర్ సీట్ల మనిషి ఉన్నప్పుడే కొలువాలె, జాక్ మీద కొలిస్తే లెక్క తప్పుతది. ప్రొపెల్లర్ షాఫ్టుతోని పోలిస్తే పినియన్ ముక్కు 2–3 డిగ్రీలు కిందికి ఉండాలె. లోడ్ పడ్డప్పుడు అది లేసి సమానం అయితది. తక్కువైతే కమాన్‌కూ ఇరుసు మెట్టుకూ నడుమ వాలు ప్లేటు పెట్టు.

గాలి గేజ్

మేస్త్రిగారు చెప్పింది పూర్తయ్యాకే టైర్ల సంగతి. వెడల్పు కన్నా రబ్బరు ముఖ్యం. ట్రెడ్‌వేర్ 400 అంటే ఎక్కువ కాలం నడవడానికి చేసిన గట్టి రబ్బరు. అదే రబ్బరుతో 235 వేసినా పెద్ద తేడా రాదు. 205 సైజులోనే 200 గానీ అంతకు తక్కువ గానీ ట్రెడ్‌వేర్ ఉన్న సెమీ స్లిక్ (గీతలు తక్కువున్న మెత్తటి రబ్బరు టైరు) వేస్తే మొదటి రన్‌లోనే తెలుస్తుంది. పాతవి కొంటుంటే పక్క గోడ మీది నాలుగు అంకెల తేదీ చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. మన ఎండలకు రబ్బరు త్వరగా గట్టిపడుతుంది, టైరు మీది గాడుల లోతు బాగుందని మోసపోవద్దు.

ఇప్పుడున్న టైర్లకు 32 చాలా ఎక్కువ. 26తో మొదలుపెట్టి రెండేసి పీఎస్‌ఐ తగ్గించుకుంటూ రండి, 20 కిందికి మాత్రం వద్దు. ప్రతి మార్పుకూ నేల మీద పడ్డ గీత చూడండి. నడుమ నల్లగా, అంచులు పలచగా ఉంటే గాలి ఎక్కువ. అంచులే నల్లగా ఉండి నడుమ పలచబడితే మరీ తక్కువ, నడుమ భాగం లోపలికి ముడుచుకుంటోందని అర్థం. గీత వెడల్పంతా ఒకే రంగులో వచ్చిన దగ్గర ఆపండి. ముందు టైర్లకు 38 పెట్టండి, ఊరికే దొర్లడమే వాటి పని.

వేడి లెక్క మరవొద్దు. పది డిగ్రీలకు గాలి ఒకటీ ఒకటిన్నర పీఎస్‌ఐ మధ్య మారుతుంది. మధ్యాహ్నం 30 డిగ్రీల్లో పెట్టిన 24, తెల్లవారి 15 డిగ్రీల్లో దాదాపు 22 చూపిస్తుంది. కాబట్టి గాలి ఇంటి దగ్గర కాదు, లైన్‌లోకి వెళ్లే ముందు మీ సొంత గేజ్‌తోనే చూసుకోవాలి.

ఎయిర్‌స్ట్రిప్ మీద డ్రాగ్ ట్రాక్‌లాగా జిగురు పూత ఉండదు, పైన సన్నటి దుమ్ము ఉంటుంది. కరీంనగర్ గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల మీది పొడి ఎలా ఉంటుందో మీకు తెలుసు, టైరు కింద అది బాల్ బేరింగులాగే పనిచేస్తుంది. అందుకే లైన్ దగ్గర వెనక టైర్లను రెండు మూడు సెకన్లు తిప్పి శుభ్రం చేసుకోండి. గీతలున్న రోడ్డు టైరుకు అంతకు మించి బర్నౌట్ వద్దు, రబ్బరు పైపొర కరిగి జిడ్డుగా మారుతుంది. నీళ్లు పోసిన చోటు ఉంటే పక్క నుంచి వెళ్లండి. గీతల్లో చేరిన నీళ్లు లాంచ్ దగ్గర కారుతూనే ఉంటాయి.

కాజీపేట కాంటెస్సా

అన్నా, ఎడమ ముందు బుష్ మొత్తం చినిగి ఉన్నది, రెండూ మారుస్తున్న. ఎనుమాముల దగ్గర వే బ్రిడ్జి మీద ముందు టైర్లు, వెనక టైర్లు వేరు వేరుగ తూకం వేసిన. ముందు 650 కిలోలు, వెనక 540. ఇసుక బస్తాల సంగతి, వెల్డింగ్ సంగతి ఎవ్వరూ చెప్పలే. టెస్టింగ్‌కు మామునూరు రన్‌వే దొరుకుతదా?

లెక్క పక్కా

మీ 1190 కిలోలు, దాదాపు 2.67 మీటర్ల వీల్‌బేస్ తీసుకుని, బరువు కేంద్రం నేల నుంచి 55 సెంటీమీటర్లు అనుకుని లెక్క వేద్దాం. రోడ్డు టైరు పట్టు 0.8 అనుకుంటే లాంచ్‌లో వచ్చేది 0.43 జీ (భూమి ఆకర్షణతో పోల్చి చెప్పే వేగం పెరుగుదల), అంటే మొదటి 60 అడుగులకు 2.9 సెకన్లు. సెమీ స్లిక్‌తో పట్టు 1.1 అయితే 0.65 జీ, 2.4 సెకన్లు. అర సెకను టైరులోనే ఉంది.

ఇసుక 50 కిలోలు సరిగ్గా ఇరుసు మీద పెట్టినా 0.43 కాస్తా 0.46 లోపే ఆగుతుంది. ఆ 50 కిలోలను మిగతా దూరమంతా మోయాలి. 15 కిలోల బ్యాటరీని బానెట్ నుంచి డిక్కీలో కుడి మూలకు మార్చండి. బరువు పెద్దగా పెరగకుండా ఆ లాభంలో సగం పైనే వస్తుంది. 35 చదరపు ఎంఎం రాగి కేబుల్, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, బయట నుంచి తిప్పే కటాఫ్ స్విచ్, ఇనుప ఫ్రేములో బిగింపు తప్పనిసరి. డిక్కీలో ఊగే బస్తాలతో వస్తే తనిఖీలోనే ఆపుతారు.

కుడి టైరు ఒక్కటే ఎందుకు తిరుగుతుందంటే, ప్రొపెల్లర్ షాఫ్ట్ మెలి ఎడమ టైరును నేలకు నొక్కి కుడిదాన్ని లేపుతుంది. ఓపెన్ డిఫరెన్షియల్ తేలికైన టైరు పట్టుకున్నంత బలమే రెండో దానికీ ఇస్తుంది. ఇంజన్ 200 ఎన్ఎం, ఫస్ట్ గేర్ 3.5 అనుకుంటే షాఫ్టులో 700 ఎన్ఎం. బాడీ మీద పడే ఎదురు మెలిని ముందు సస్పెన్షన్ ఎంత మోస్తే, వెనక కుడి టైరు అంత బరువు కోల్పోతుంది. అందుకే స్ట్రిప్ మీద ముందు యాంటీ రోల్ బార్ (బండి పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ) లింకులు విప్పితే లాభం. పైసా ఖర్చు లేదు. రన్నులు అయ్యాక తిరిగి బిగించాలి.

వెల్డింగ్ చేస్తే రెండు టైర్లూ లాగుతాయి, నిజమే. కానీ మలుపులో లోపలి టైరు ఈడ్చుకుంటూ కీచుమంటుంది, ఆ ఒత్తిడంతా హాఫ్ షాఫ్టు మీద పడుతుంది. ట్రైలర్ మీదే తిరిగే బండికి చేయొచ్చు, రోడ్డు మీద నడిపే ఆలోచన ఏమాత్రం ఉన్నా వద్దు. క్లచ్ ప్లేట్ల ఎల్ఎస్‌డీ (ఒక్క టైరే ఊరికే తిరగకుండా ఆపే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్) దొరికితే అదే మేలు, జీఎల్-5 గేర్ నూనెతో పాటు ఫ్రిక్షన్ మాడిఫయర్ కలపాలి.

మామునూరు ఎయిర్‌పోర్ట్ స్థలం, అనుమతి లేకుండా లోపలికే వెళ్లొద్దు. రింగ్ రోడ్డు ఖాళీగా ఉందని అక్కడ చూడొద్దు కూడా. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద రోడ్డు మీద రేసింగ్‌కు మొదటిసారే మూడు నెలల దాకా జైలు, 5000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఈవెంట్‌లో దొరికే ప్రాక్టీస్ రన్నులనే టెస్టింగ్‌గా వాడుకోండి, రన్‌కు ఒక్క మార్పే చేయండి.

కమాన్ మేస్త్రి

టర్బో బూస్టును ఫస్ట్ గేర్‌ల తగ్గించే ఏర్పాటు ఉంటే పెట్టించు, లేకుంటే లాంచ్ 2500 ఆర్‌పీఎం నుంచి మొదలువెట్టి 300 చొప్పున పెంచుకుంట పో. టైరు జారిన కాడ ఒక మెట్టు కిందికి దిగు. ట్రాక్షన్ బార్లు వేసినంక మొదటి రన్ అయిపోంగనే యూ బోల్టులు మళ్ల బిగించాలె, కొత్త ప్లేటు కింద సర్దుకొని తప్పకుండ వదులైతయి.