ద్రవంలో చస్తున్న ఎంఆర్‌ఎస్‌ఏ పొరలో ఎందుకు చావడం లేదు?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని):
నేను తయారుచేసిన క్వినోలిన్ సమ్మేళనం ద్రవ మాధ్యమంలో ఎంఆర్‌ఎస్‌ఏ (మెథిసిలిన్ లాంటి యాంటీబయాటిక్‌లకు లొంగని స్టాఫ్ బ్యాక్టీరియా) పెరుగుదలను మిల్లీలీటరుకు 4 మైక్రోగ్రాముల దగ్గరే ఆపేస్తోంది. అదే బ్యాక్టీరియాను 96 గుంటల ప్లేటులో 24 గంటలు బయోఫిల్మ్‌గా, అంటే అడుగున అంటుకున్న జిగురు పొరగా, పెంచి మందు పోస్తే, 256 దగ్గర కూడా పొర ఎంత ఉందో చూపే క్రిస్టల్ వయొలెట్ రంగు తగ్గడం లేదు. మూడుసార్లు చేశాను. దీన్ని వదిలేసి మరొకటి మొదలుపెట్టమని మా గైడుగారి సలహా. నాకు మనసొప్పడం లేదు. మోకాలి మార్పిడి తర్వాత మా నాన్నగారి కృత్రిమ కీలు మీద ఈ బ్యాక్టీరియానే పొర కట్టింది. కీలు తీసేసి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు దిమ్మ పెట్టి, మూడు నెలల తర్వాత కొత్త కీలు వేశారు. అన్నాళ్లూ ఆయన స్నానానికి కూడా నా భుజం పట్టుకునే వెళ్లారు. వదిలేయాలా?

జవాబు (సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకుడు):
వదలకమ్మా, ముందు కొలత మార్చు. క్రిస్టల్ వయొలెట్ బతికున్న కణాలకూ చచ్చిన కణాలకూ, అవి స్రవించిన జిగురుకూ కూడా అంటుకుంటుంది. చచ్చినవి అడుగున అలాగే ఉంటే రంగు ఎలా తగ్గుతుంది? గుంటలు కడిగి, పొర గీకి, సోనికేటర్‌తో (శబ్ద తరంగాలతో కదిపే పరికరం) విడదీసి, అగార్ మీద కాలనీలు లెక్కపెట్టు. పోలికకు పక్కనే ఎంఆర్‌ఎస్‌ఏకు వాడే వాంకోమైసిన్ కూడా పెట్టు.

ప్రశ్న అడిగినవారు:
లెక్కపెట్టానండీ! 64 దగ్గర బతికున్నవి నూరోవంతుకు పడిపోయాయి. కానీ మందు కడిగేసి కొత్త మాధ్యమం పోస్తే మర్నాటికి మళ్లీ పెరిగాయి. వాటి మీద ఎంఐసీ (పెరుగుదలను ఆపే కనిష్ఠ మోతాదు) చూస్తే ఇప్పటికీ 4 మాత్రమే.

జవాబు (అధ్యాపకుడు):
ఎంఐసీ మారలేదంటే అవి నిరోధకత సంపాదించలేదు. పెరుగుదల ఆపుకుని మందును తట్టుకున్న పెర్సిస్టర్ కణాలు అయ్యుంటాయి. రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్‌తో కలిపి చూడు. ఇంప్లాంటు తీయకుండా చికిత్స చేసిన ఒక స్విట్జర్లాండ్ పరీక్ష ఫలితాలు 1998లో వచ్చాయి. సిప్రోఫ్లాక్సాసిన్‌కు రిఫాంపిసిన్ జోడించి చికిత్స పూర్తిచేసిన 12 మందికీ నయమైంది. రిఫాంపిసిన్ లేని 12 మందిలో ఏడుగురికే. అయితే రిఫాంపిసిన్‌ను ఒంటరిగా వాడకూడదు. ఒక్క ఉత్పరివర్తనతోనే నిరోధకత వచ్చేస్తుంది.

జవాబు (ఔషధ రసాయన శాస్త్రవేత్త):
64 చాలా ఎక్కువ మోతాదు, మన కణాలకూ హాని చేయొచ్చు. జోడింపుకన్నా ముందు ఎర్రరక్తకణాలు పగులుతున్నాయేమో చూడండి. సీరం కలిపి ఎంఐసీ మళ్లీ తీయండి. ప్రొటీన్లకు అతుక్కుపోతే శరీరంలో పొరదాకా చేరేది కొంచెమే.

ప్రశ్న అడిగినవారు:
రక్తకణాల పరీక్షే ముందు చేస్తాను. సోమవారం కాలనీల ప్లేట్లు తీసుకెళ్లి గైడుగారికి చూపిస్తున్నాను.