సమస్యాపూరణం: పరుగు తీయని వానికే పతక మబ్బు

నిర్వాహకుడు:
2028 జూలై 14 నుంచి 30 వరకు లాస్ ఏంజెలెస్‌లో జరగనున్న ఒలింపిక్స్ కోసం ఇప్పటినుంచే రోజులు లెక్కపెట్టుకుంటున్న సభ్యులకు ఈసారి తేటగీతి ఛందంలో ఒక సమస్య, అంటే అర్థం పొసగనట్టు తోచే నాలుగో పాదం, ఇస్తున్నాను. ముందు మూడు పాదాలు రాసి దాన్ని పొసగించడమే పూరణ.

"పరుగు తీయని వానికే పతక మబ్బు."

1932, 1984 తరువాత మూడోసారి ఒలింపిక్స్‌కు ఆతిథ్యమివ్వబోతున్న కొలీజియంలోనే పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరోవంతు తేడాతో కంచు పతకం పోగొట్టుకున్నారు కనుక, అలాంటి చోట పరుగు తీయనివాడికే పతకమంటే ఎవరూ ఒప్పుకోరు. ఒప్పించడమే మీ పని. పూరణ రానున్న పోటీలకు అన్వయించాలి, నాలుగో పాదంలో ఒక్క అక్షరమూ మారకూడదు.

మధుపం:
కాలు కదపక గురిచూచి కప్పితీఁగ
లాగి, యేబది మీటర్ల లక్ష్యమందుఁ
బసిఁడి చుట్టును భేదించు బాణ మేసి
పరుగు తీయని వానికే పతక మబ్బు.

1972 నుంచి ఒలింపిక్స్‌లో కొసలు ముందుకు వంగిన రికర్వ్ విల్లుకే చోటుండగా, కప్పీలు బిగించిన కాంపౌండ్ విల్లు 2028లో మొదటిసారి అడుగు పెడుతోంది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖ వంటి విలుకత్తెలకు ఇన్నేళ్లూ ఆ వేదికే లేకపోయింది కాబట్టి, నా ఎదురుచూపంతా దీనికోసమే.

నిర్వాహకుడు:
ధార బాగుంది, "కప్పితీఁగ" అన్న కూర్పు ముచ్చటగా ఉంది. అయితే లాస్ ఏంజెలెస్‌లో కాంపౌండ్ విలువిద్యకు ఉన్నది మిశ్రమ జట్టు పోటీ ఒక్కటే కాబట్టి, పతకం ఒక పురుషుడూ ఒక స్త్రీ కలిసి పంచుకునేదే తప్ప "వానికే" దక్కేది కాదు. ఆ దోషంలో సగం సమస్య ఇచ్చిన నాదే అనుకోండి. అంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది: విలుకాడు ఎలాగూ పరుగు తీయడు, కనుక ఈ పూరణలో సమస్య పరిష్కారం కాలేదు, పక్కకు తప్పుకుంది.

చిరుగాలి:
సిక్సు వెనువెంటఁ గొట్టుచుఁ జెలఁగి మెఱసి
బంతి సరిహద్దు దాఁటించు మేటి యగుచుఁ
గ్రీజు వీడక నిలబడి గెలుపు నిచ్చి
పరుగు తీయని వానికే పతక మబ్బు.

1900లో పారిస్‌లో గ్రేట్ బ్రిటన్, ఫ్రాన్స్ జట్లు ఆడిన ఒకే ఒక్క మ్యాచ్ తరువాత 128 ఏళ్లకు క్రికెట్ ఒలింపిక్స్‌కు తిరిగి వస్తోంది. పురుషులకూ స్త్రీలకూ చెరి ఆరు జట్లతో టీ20 పద్ధతిలో జరిగే ఈ పోటీలో, సిక్సర్ కొట్టినవాడికి పరుగులు వస్తాయి కానీ వాటిని అతడు "తీయ"నక్కరలేదు.

వేకువ:
చమత్కారం బాగానే ఉంది కానీ రెండో పాదంలో "బం"కూ "మే"కూ యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ మధ్యలోని నిర్ణీత అక్షరానికీ ఉండవలసిన పొత్తు, కుదరలేదు.

నిర్వాహకుడు:
నిజమే. "బంతి సరిహద్దు దాఁటించు బ్యాటుతోడ" అంటే యతి సరిపోతుంది, "మేటి యగుచు" అన్న పూరకమూ తొలగిపోతుంది. ముందున్న "అగుచున్" పోతుంది కనుక, అప్పుడు మూడో పాదం "గ్రీజు" అని కాక "క్రీజు" అనే మొదలవుతుంది. భావానికి వస్తే, ఒంటికీ రెంటికీ పరుగెత్తిన వారికి పతకం ఎందుకు రాదో ఈ పద్యం చెప్పదు. "వానికే" అని నొక్కి చెప్పినప్పుడు పరుగు తీసినవాడు నష్టపోవాలి, అప్పుడే సమస్యకు జవాబు వచ్చినట్టు.

వేకువ:
అలా నష్టపోయినవాడితోనే నా పూరణ.

తొందరించి డేగూలోన దుడుకుఁ జూపి
బోల్టు వంటి మేటియె వీడెఁ బోటి నాఁడు;
గుండు మ్రోఁగెడు దాఁకనుఁ గుదురు దప్పి
పరుగు తీయని వానికే పతక మబ్బు.

2011లో దక్షిణ కొరియాలోని డేగూలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ 100 మీటర్ల ఫైనల్లో ఉసేన్ బోల్ట్ సంకేతానికి ముందే కదిలి అనర్హుడయ్యాడు, స్వర్ణం యోహాన్ బ్లేక్‌కు దక్కింది. ఈ ఒలింపిక్స్‌లో అథ్లెటిక్స్ మొదటి వారానికి, ఈత రెండో వారానికి మారాయి కనుక, ఆ ఊపిరి బిగబట్టే క్షణం కోసం ఈసారి ఎక్కువ రోజులు ఆగనక్కరలేదు.

నిర్వాహకుడు:
మూడో పాదంలో ఒక అవధి పెట్టి నాలుగో పాదంలోని విరోధాన్ని విప్పడం అవధానుల మార్గం. "తొందరించి", "దుడుకుఁ జూపి" ఒకే పాదంలో పునరుక్తి అయ్యాయి. పైగా సగం పద్యం గడిచిన పోటీకే ఖర్చయింది.

పదచారి:
నేల నొక పాద మెప్పుడు నిలువవలయు,
ముందు మోపిన కాలది ముడువరాదు;
నడక పందెపు దారిలో నదనుఁ జూచి
పరుగు తీయని వానికే పతక మబ్బు.

టీవీలో ఎవరూ చూడరని అంటారు కానీ, నేను తప్పకుండా చూసేది నడక పందెమే.

నిర్వాహకుడు:
ఇదే నేను కోరుకున్న పూరణ. ముగ్గురు వేర్వేరు న్యాయనిర్ణేతలు ఎర్ర కార్డు ఇస్తే నడకరి పందెం నుంచి తప్పుకోవలసి రావచ్చు కనుక, పరుగే పతకాన్ని పోగొడుతుంది, "వానికే" పూర్తిగా సార్థకమవుతుంది. రెండు సవరణలు మాత్రం సూచిస్తాను. "కాలది"లో "అది" గణం కోసమే, అంటే ఛందస్సు లెక్క సరిపోవడానికే, వచ్చింది, "చరణమ్ము" అనవచ్చు. ఇక "అదనుఁ జూచి" అంటే నడకరులందరినీ దొంగలను చేసినట్టుంది. సిడ్నీలో 2000లో 20 కిలోమీటర్ల నడకలో అందరికంటే ముందున్న జేన్ సావిల్, స్వదేశపు ప్రేక్షకులు నిండిన స్టేడియంలోకి అడుగుపెట్టబోతుండగా అనర్హురాలైంది. ఆమె పరుగు దొంగిలించాలనుకుని ఉంటుందని నేను అనుకోను, ఆ వేగంలో పాదం నేలను విడిచిందో లేదో నడిచేవారికే తెలియకపోవచ్చు.

పదచారి:
రెండో సూచన శిరోధార్యం, "నడక పందెపు దారిలో నదుపు దప్పి" అని మారుస్తున్నాను, యతికీ ఇబ్బంది లేదు. మొదటిదాన్ని మాత్రం మన్నించండి: మొదటి పాదంలో "పాదము" ఉండగా రెండో పాదంలో "చరణము" కూడా పెడితే నా నడకరికి కాళ్లు మరీ ఎక్కువైపోతాయి, కనుక "కాలది"నే ఉండనిస్తున్నాను.