బరువు తగ్గే ఆపరేషన్: స్లీవా, బైపాసా? చేయించుకున్నవాళ్ళు మళ్ళీ అదే ఎంచుకుంటారా? (తిరుపతి, చిత్తూరు వాళ్ళు చెప్పండి)

కొర్లగుంట కోడలు
అందరికీ నమస్తే. వయసు 36, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 112 కేజీలు. ఆరేళ్ళుగా షుగర్, మూడు నెలల సగటు 8.9. వాకింగ్, కీటో, డబ్బా పొడులు అన్నీ అయ్యాయి. 9 కేజీలు తగ్గి 14 పెరిగాను. ఇక్కడ ఒక డాక్టరు గారు స్లీవ్ చేద్దామన్నారు, పది నిమిషాల్లో మాట్లాడి పంపేశారు. చెన్నైలో ఇంకొకాయన షుగర్ ఉంది కాబట్టి బైపాస్ మేలన్నారు. మా ఆయనేమో ఏది చిన్న ఆపరేషన్ అయితే అది చేయించుకో అంటాడు. మా అత్త అసలు వద్దంటుంది. మీరు మళ్ళీ మొదటి రోజుకి వెళ్తే అదే ఆపరేషన్ చేయించుకుంటారా? నాకు ధైర్యం చెప్పొద్దు, జరిగింది చెప్పండి.

అలిపిరి నడక
స్లీవ్, నాలుగేళ్ళయింది. 128 నుంచి 81కి దిగాను, ఇప్పుడు 87. నన్నడిగితే మళ్ళీ అదే, అదే డాక్టరు దగ్గర.

స్లీవ్ అంటే కడుపులో ముప్పాతిక భాగం దాకా కోసి బయటికి తీసేస్తారు. మిగిలేది సన్నని గొట్టం. తీసింది మళ్ళీ పెట్టలేరు, అది గుర్తుంచుకోండమ్మా. ఆకలి పుట్టించే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ కోసేసిన భాగంలోనే. అందుకే మొదటి ఏడాది ఆకలి అన్న మాటే మర్చిపోయాను. మధ్యాహ్నం రెండైనా గుర్తొచ్చేది కాదు, మా ఆవిడ ఫోన్ చేసి తినమనేది.

మొదటి రెండు వారాలు మాత్రం నరకం. దగ్గు టానిక్ సీసా మీద ప్లాస్టిక్ మూత ఉంటుంది చూడండి, గీతలు గీసి. దాంతోనే నీళ్ళు, మజ్జిగ తేట, వడగట్టిన రాగి జావ. ఒక మూతెడు తాగడానికి పది నిమిషాలు. గబుక్కున మింగితే రొమ్ములో రాయి పడినట్టుండేది. ఇప్పటికీ ఆ మూత దాచుకున్నాను.

ఆపరేషన్‌కి ముందు గాలిగోపురం దాకా కూడా ఎక్కలేక వెనక్కి దిగొచ్చినవాణ్ణి. ఏడాదిన్నరకి 3,550 మెట్లూ ఎక్కాను. మోకాళ్ళ పర్వతం దగ్గర ఏడుపొచ్చింది. పక్కనున్నాయన కాళ్ళు నొప్పా అని అడిగి మంచినీళ్ళ సీసా ఇచ్చాడు.

నగరి అక్క
ఆయన అదృష్టం ఆయనది. నాది వేరే కథ. కొంచెం పొడుగవుతుంది.

2019లో స్లీవ్. 103 నుంచి 69కి వచ్చాను, బరువు విషయంలో ఫిర్యాదు లేదు. ఆరో నెల నుంచి ఛాతీలో మంట మొదలైంది. పడుకుంటే పుల్లనీళ్ళు గొంతులోకి వచ్చి దగ్గుతో లేచేదాన్ని. ఒక దిండు రెండైంది, రెండు మూడయ్యాయి. ఎవరో చెబితే మంచం తలవైపు కాళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టాం. తెల్లారేసరికి నేను జారి జారి మంచం అడుగున, దిండ్లు పైన! మా చిన్నోడు జారుడుబండ అని పేరు పెట్టాడు. నవ్వుకునేవాళ్ళం గానీ, మూడేళ్ళు నేను సరిగ్గా నిద్రపోలేదు. ఆసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ మాత్ర రెండు పూటలా. రాత్రి ఏడు తర్వాత మంచినీళ్ళు తాగాలన్నా భయమే.

2022లో చెన్నై వెళ్ళి స్లీవ్‌ని బైపాస్‌గా మార్పించుకున్నాను. అంటే ఒకే కడుపుకి రెండు ఆపరేషన్లు, రెండుసార్లు డబ్బు. రెండోది నగలు కుదువపెట్టి కట్టాం. ఆ రెండో డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "స్లీవ్‌కి ముందు మీకు మంట ఉండేదా?" ఉండేది. ఎప్పటినుంచో పులితేన్పులు, గ్యాసని జీలకర్ర నీళ్ళు తాగేదాన్ని. అక్కడ మొదటిసారి ఎవరూ అడగలేదు. గ్యాస్ ఎవరికి లేదులే అని నేనూ చెప్పలేదు.

ఆపరేషన్ చేయించుకున్నందుకు బాధ లేదు. ఆ ఒక్క మాట చెప్పనందుకే బాధ. స్లీవ్‌లో మిగిలిన గొట్టం సన్నగా ఉండి లోపల ఒత్తిడి పెరుగుతుందట, ఆసిడ్ పైకి తన్నుతుందట. బైపాస్‌లో ఆ బాధ చాలామందికి తగ్గుతుంది. నాకు మార్చిన వారానికే ఇటుకలు తీసేశాం.

కొర్లగుంట కోడలు
అక్కా, చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. నేను షుగర్ మాత్రలతో పాటు పాంటోప్రజోల్ కూడా ఐదారేళ్ళుగా పరగడుపున వేసుకుంటున్నా. అది మామూలే కదా అనుకుని ఎక్కడా చెప్పలేదు.

నగరి అక్క
ఎండోస్కోపీ చేశారా?

కొర్లగుంట కోడలు
లేదు. కడుపు స్కానింగ్, రక్త పరీక్షలు మాత్రమే.

నగరి అక్క
అయితే అది అయ్యేదాకా దేనికీ ఊ అనొద్దు తల్లీ.

బెంగళూరా మామిడి
చిత్తూరు నుంచి. బైపాస్, ఐదేళ్ళు. పదకొండేళ్ళ షుగర్, రెండు పూటలా ఇన్సులిన్ ఉండేది. ఇంటికొచ్చిన మూడో వారానికి ఇన్సులిన్ మాన్పించారు, బరువు ఇంకా పెద్దగా తగ్గకముందే. ఇప్పుడు ఒక్క మెట్‌ఫార్మిన్. షుగర్ పూర్తిగా పోయిందని చెప్పను, పాతబడిన షుగర్ అంత తేలిగ్గా వదలదు.

బైపాస్‌లో కడుపు పై భాగంలో కోడిగుడ్డంత సంచి మిగిల్చి, చిన్నపేగుని తెచ్చి దానికి కలుపుతారు. తిన్నది మిగతా కడుపుని, పేగు మొదటి భాగాన్ని తప్పించుకుని పోతుంది. లాభం అక్కడే, తిప్పలూ అక్కడే.

తిప్ప ఒకటి: తీపి. మా బావమరిది పెళ్ళిలో అరిటాకు ముందు కూర్చున్నా. పాయసం వడ్డించినాయన "ఒక్క గరిటె సామీ" అన్నాడు. తాగాను. ఇరవై నిమిషాలకి చెమటలు, గుండె దడదడ, కడుపు మెలిపెట్టడం. గుండెపోటు అనుకుని మా వాళ్ళు కారు తీశారు. అది డంపింగ్ అట. తీపి ఒక్కసారిగా పేగులోకి దూకితే అట్లా అవుతుంది. అరగంట పడుకుంటే తగ్గింది. తిరుమల లడ్డు ఇప్పుడు శనగగింజంత నోట్లో వేసుకుని కళ్ళకద్దుకుంటా.

రెండోది నా సొంత తప్పు. మోకాలి నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొని పది రోజులు మింగాను. మలం తారులా నల్లగా వచ్చింది, కళ్ళు తిరిగి బాత్‌రూమ్‌లో పడ్డా. సంచికీ పేగుకీ కలిపిన కుట్టు దగ్గర పుండు. రెండు సీసాల రక్తం ఎక్కించారు. బైపాస్ అయినవాళ్ళు ఇట్లాంటి నొప్పి మాత్రలు ముట్టకూడదని డిశ్చార్జి కాగితంలో రాసే ఉంది. ఎవడు చదివాడు? సిగరెట్టు కూడా అదే పుండుకి దారి, నేను మానేశాను.

అయినా అడిగావు కాబట్టి చెబుతున్నా చెల్లెమ్మా, మళ్ళీ బైపాసే.

ఊరికే చూసేవాడు
రెండు పూటలా సంగటి తిని చేలో పనిచేస్తే ఈ కోతలు దేనికండీ? మన పెద్దోళ్ళు ఎవరైనా కడుపు కోయించుకున్నారా?

నగరి అక్క
మా జేజి సంగటే తిన్నది, చేలోనే పనిచేసింది, 90 కేజీలుండేది. షుగర్ పుండుతో కాలు తీసేశారు. మీ దారిన మీరు వెళ్ళండి బాబూ.

గుండు పాప
నాకు 28. స్లీవ్, ఏడాదిన్నర. ఇంట్లో ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. నాలుగో నెలలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. బరువు గబగబా తగ్గినప్పుడు, ప్రొటీన్ చాలనప్పుడు అట్లా ఊడుతుంది, మళ్ళీ వస్తుందని చెప్పారు. ఎలాగూ పోతోంది కదా అని కొండకెళ్ళి కల్యాణకట్టలో ఇచ్చేశాను! ఊళ్ళో అందరూ మొక్కు అనుకున్నారు. సన్నబడ్డానికి మాత్రం "ఏదైనా జబ్బా?" అని వీధి వీధంతా అడిగింది. జుట్టు వచ్చింది, ఇప్పుడు భుజాల దాకా.

నా పశ్చాత్తాపం ఆపరేషన్ రకం గురించి కాదు, దాచడం గురించి. సంబంధాలు చూస్తున్నారు. పొట్ట మీద ఐదు చిన్న మచ్చలు. చెప్పాలా వద్దా అని మా అమ్మకీ నాకూ రోజూ గొడవే. ఒకటిన్నర ఏడాది దాకా గర్భం వద్దన్నారు, ఆ గడువైతే అయింది.

సువర్ణముఖి ఒడ్డు
మా అమ్మ తరఫున రాస్తున్నా, శ్రీకాళహస్తి. అమ్మకి మినీ బైపాస్ (బైపాస్‌లోనే ఒక రకం) చేయించాం. రెండో నెలలో ఏం తిన్నా వాంతి. అడ్జస్ట్ అవుతుందిలే అని మేమే మూడు వారాలు నెట్టేశాం. ఫోన్ చేస్తే అక్కడ కూడా నెమ్మదిగా తినమనే చెప్పారు. ఒకరోజు కాళ్ళు మొద్దుబారి లేవలేకపోయింది, మాట తడబడింది, కళ్ళు అటూ ఇటూ కొట్టుకున్నాయి. పెద్దాసుపత్రిలో చూసిన కుర్ర డాక్టరు గ్లూకోజ్ పెట్టకముందే థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వమని అరిచాడు. బీ1 విటమిన్ అడుగంటిందట. వరసగా వాంతులైతే కొద్ది వారాల్లోనే అయిపోతుందట ఆ నిల్వ. మాట, చూపు సరైపోయాయి. నడక మాత్రం ఇప్పటికీ గోడ పట్టుకునే.

అమ్మని అడిగితే "షుగర్ మాత్రలు తప్పాయి కదరా" అంటుంది. పశ్చాత్తాపం ఆమెకి లేదు, నాకుంది. రెండు రోజులు ఆగకుండా వాంతి అయితే ఫోన్లు చేయొద్దు, తీసుకెళ్ళి కూర్చోండి.

డైట్ సెక్షన్
ఆసుపత్రి వంటగది పక్కన పనిచేస్తాను, ఏ ఆసుపత్రో అడగొద్దు. చాలామంది నోట విన్నది: స్లీవ్ అయితే విటమిన్లు అక్కర్లేదని. తప్పు. ఏ రకమైనా మాత్రలు జీవితాంతం ఉంటాయి. బైపాస్‌లో ఐరన్, బీ12, క్యాల్షియం లోటు ఇంకా ఎక్కువ. రోజుకి కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అందాలి. మన అన్నం, చారుతో అది అందదు. గుడ్డు తెల్లసొన, పెసరకట్టు, పెరుగు, చేప మీద పడాలి. పిత్తాశయంలో రాళ్ళు రాకుండా మొదటి ఆరు నెలలు ఇచ్చే మాత్ర మానేసి, గాల్ బ్లాడర్ తీయించుకున్నవాళ్ళని చూశాను.

స్లీవా బైపాసా అని స్విట్జర్లాండులో 217 మందిని ఐదేళ్ళు గమనించారు, 2018లో వెలువడింది. బరువు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ముందే మంట ఉన్నవాళ్ళలో అది ముదిరింది మాత్రం స్లీవ్ వాళ్ళలో నూటికి 32 మందికి, బైపాస్ వాళ్ళలో 6 మందికి. నగరి అక్క ఇటుకల కథంతా ఈ అంకెలోనే ఉంది.

మెడిక్లెయిమ్ బాధితుడు
డబ్బు సంగతి ఎవరూ అనలేదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019 నిబంధన ప్రకారం బీఎంఐ (ఎత్తుకీ బరువుకీ వేసే లెక్క) 40 గానీ ఆ పైన గానీ ఉండాలి, లేదా 35 గానీ ఆ పైన గానీ ఉండి అదుపులో లేని షుగరో, గుండెజబ్బో, తీవ్రమైన నిద్రలో ఊపిరి సమస్యో ఉండాలి. అప్పుడే బీమా వర్తిస్తుంది. కోడలమ్మా, మీ లెక్క 45 దాకా వస్తుంది. కానీ పాలసీలో వెయిటింగ్ పీరియడ్ (కొన్నాక ఇన్నాళ్ళు ఆగాలనే గడువు) చూసుకోండి. నాది ఐదు నెలలు తక్కువైంది, మొత్తం చేతి నుంచే.

కొర్లగుంట కోడలు
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నా. ఎండోస్కోపీ అయింది. అన్నవాహిక కింద ఒరిసిపోయి ఎర్రగా ఉందట, చిన్న హయాటస్ హెర్నియా (కడుపు పైభాగం కొంచెం ఛాతీలోకి జరగడం) కూడా. రిపోర్టు చూపిస్తే మొదటి డాక్టరు గారు "అయితే బైపాసే చేద్దాం, నేనూ అదే అనేవాణ్ణి" అన్నారు. ఒళ్ళు మండింది, ఏమీ అనలేదు. చెన్నైలోనే చేయించుకుంటున్నా, ఏప్రిల్ ఆఖరి వారం. డైక్లోఫెనాక్ వద్దని పెద్ద అక్షరాలతో కాగితం రాసి ఫ్రిజ్‌కి అంటించాడు మా ఆయన.

ఒక్క సందేహం. మే నెలలో గంగమ్మ జాతర. ఇంట్లో అంబలి కాయడం మా అత్తకి పట్టింపు. తాగకపోతే అమ్మవారికి కోపం అంటుంది. తాగొచ్చా?

బెంగళూరా మామిడి
అప్పటికి నీది మూడో వారమో నాలుగో వారమో. నేను ఆ టైములో తాగాను. మజ్జిగ ఎక్కువ పోసి పల్చగా, గుడ్డలో వడగట్టి. ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిరపకాయ వద్దు. బెల్లం అసలు వద్దు. చెంబెత్తి గొంతులో పోసుకోకు, చెంచాతో. ముందు డాక్టరుకి ఒక మాట చెప్పి ఉంచు.

అలిపిరి నడక
చెంచా కూడా ఎక్కువే చెల్లెమ్మా. టానిక్ మూత.

కొర్లగుంట కోడలు
మా అత్తకి చదివి వినిపించాను. "మూతతో తాగితే మాత్రం అమ్మవారు వద్దంటుందా" అని దగ్గు మందు సీసా కడిగి పెట్టింది.