హార్మోనియం పక్కన సింథ్ ప్యాడ్ వెచ్చగా ఉండాలి, శ్రుతి చెడకూడదు

అమలాపురంలో మా భజన పాటలు ఇంట్లోనే రికార్డు చేస్తున్నాం. హార్మోనియం కింద సాఫ్ట్ సింథ్ ప్యాడ్ (సింథసైజర్‌లో వెనకాల నిలకడగా సాగే ధ్వని) పెడుతున్నాను: రెండు సాటూత్ ఆసిలేటర్లు (రంపపు పళ్ల ఆకారపు తరంగంతో స్వరం పుట్టించేవి). రెండు వాయిద్యాలూ ఏ 440కే (A స్వరం 440 హెర్ట్జ్) ఉన్నాయి. డిట్యూన్ (రెండు ఆసిలేటర్ల శ్రుతి మధ్య చిన్న తేడా) లేకపోతే ప్యాడ్‌లో ప్రాణం ఉండట్లేదు.

7 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) డిట్యూన్ ఇస్తే కింద హాయిగా ఉంది గానీ పైకి వెళ్లేకొద్దీ వణుకు వేగం పెరిగింది, 220 హెర్ట్జ్ దగ్గర సెకనుకు ఒకసారి కూడా లేనిది 880 దగ్గర మూడున్నర సార్లు. సెంట్లు అవే అయినా హెర్ట్జ్‌లో తేడా ఆక్టేవ్‌కి రెట్టింపవుతుంది కదా, కీ ట్రాకింగ్‌తో (స్వరం ఎత్తును బట్టి సెట్టింగ్ మారేలా పెట్టి) పైస్థాయిలో 2 సెంట్లకి తగ్గించాను, అది కుదిరింది. 5 హెర్ట్జ్ వైబ్రాటో (శ్రుతిని ఒకే లయలో ఊపడం) అయితే అన్ని స్వరాలనూ ఒకేసారి ఊపేస్తోంది, భజనకి అస్సలు నప్పదు.

ఇప్పుడు 0.3 హెర్ట్జ్ రాండమ్ ఎల్ఎఫ్ఓ (శ్రుతిని నెమ్మదిగా, క్రమం లేకుండా కదిపేది), ప్రతి వాయిస్‌కీ (మోగే ప్రతి స్వరానికీ) విడిగా, పైకీ కిందకీ 4 సెంట్లు. ఒక్క స్వరం పట్టుకుంటే ఎంత బాగుందో! సా, పా కలిపి పట్టుకుంటే మాత్రం హార్మోనియంతో కొట్టుకుంటోంది, కోరస్, రివర్బ్ ఎఫెక్టులు తీసేసినా అంతే. 2 సెంట్లకి తగ్గిస్తే మళ్ళీ చప్పగా అయిపోతోంది.

హార్మోనియంతో కలిసి నిలవాలంటే ఈ రాండమ్ మార్పు ఒక్క ఆసిలేటర్‌కే ఇచ్చి రెండోది కదలకుండా ఉంచాలా, లేక రెండిటికీ ఇవ్వాలా?