తెడ్ల పడవకి ఔట్‌బోర్డ్ మోటార్ పెట్టాలంటే ఏం మార్చాలి?

మాది శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం. మా చిన్నాన్న, నేను కలిసి 12 ఎంఎం మెరైన్ ప్లైవుడ్‌తో 16 అడుగుల వేట పడవ కడుతున్నాం. డిజైన్ తెడ్ల పడవది. దానికి వెనక పలకకి బయట తగిలించే 9.9 హార్స్‌పవర్ షార్ట్ షాఫ్ట్ (పొట్టి కాడ) మోటార్ పెట్టాలి.

మోటారే దాదాపు 40 కిలోలు. వెనక పలకకి మూడు ప్లైలు ఎపాక్సీతో అతికించి 36 ఎంఎం చేస్తే ఆగుతుందా, అడుగు నుంచి మోకాలు చెక్క (పలకకీ అడుగుకీ మధ్య మూలలో బలానికి పెట్టే చెక్క) కూడా కావాలా? అడుగుభాగం వెనక్కి పోయేకొద్దీ పైకి వంగింది. స్పీడు పెంచితే వెనక కూలబడి ముక్కు లేస్తుందని అంటున్నారు. ఆ వంపు తీసి చదునుగా చేయాల్సిందేనా?

అసలు టెన్షన్ ఇంకోటి. షార్ట్ షాఫ్ట్‌కి సరిపోయేలా వెనక పలక ఎత్తు 15 అంగుళాలకి కోస్తే, వంశధార మొగలో (నది సముద్రంలో కలిసే చోట) వెనక అల లోపలికి దూకుతుంది. మోటార్ ముందు అడ్డు పలక కట్టి, నీళ్లు బయటికి పోయేలా కంతలు పెట్టినవాళ్లుంటే కొలతలు చెప్పండి, దయచేసి. చిన్నాన్న రోజూ ఆ మొగ దాటే వేటకి వెళ్లాలి.