రొమ్ము ఆపరేషన్ తర్వాత చేతి పని, దాంపత్యం: ఎప్పటి నుంచి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్లు. క్యాన్సర్ వల్ల ఎడమ రొమ్ము, చంకలో గ్రంథులు తీసేసి నెల దాటింది. డ్రెయిన్ గొట్టం తీసేశారు, కుట్లు మానాయి. త్వరలో కీమో మొదలు. చెయ్యి పైకెత్తితే లోపల ఏదో తెగుతుందని భయం. అత్తయ్య ఏ పనీ ముట్టుకోనివ్వరు. ఇంకో మాట, మరిది పక్కనే ఉండటంతో డాక్టరుగారిని అడగలేకపోయాను. మా ఆయన వేరే గదిలో పడుకుంటున్నారు. మళ్లీ కలవచ్చా? నన్ను చూడలేకే దూరంగా ఉంటున్నారా అని ఒకటే టెన్షన్.

జవాబు (ఫిజియోథెరపిస్టు):
అమ్మా, ముందు చెయ్యి సంగతి. గాయం మానాక కదపకపోతేనే నష్టం, భుజం పట్టుకుపోతుంది. తర్వాత రేడియేషన్ అవసరమైతే చెయ్యి తలపైకి ఎత్తి పడుకోవాలి, అప్పుడు ఎత్తలేకపోతే చాలా ఇబ్బంది. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో మెల్లగా పైకి పాకించండి. లాగినట్టు ఉండొచ్చు, పొడిచినట్టు నొప్పి వస్తే ఆపండి. జడ వేసుకోవడం, బట్టలు మడవడం మంచి వ్యాయామాలే. రోజూ నడవండి. నీళ్ల బిందె, బియ్యం మూట మాత్రం సర్జన్ సరేననేదాకా వద్దు. చంక నుంచి మోచేతి దాకా తాడులా బిగిస్తే కంగారు పడకండి, ఈ ఆపరేషన్ తర్వాత చాలామందికి వస్తుంది, సాగదీసే వ్యాయామాలతో తగ్గుతుంది. చెయ్యి లోపలివైపు తిమ్మిరి ఉంటే పొయ్యి దగ్గర జాగ్రత్త, కాలినా తెలియదు. గాజులు బిగుతైనా, చెయ్యి బరువెక్కినా చూపించండి. ఎర్రబడి జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

జవాబు (ఇదే ఆపరేషన్ అయిన ఒక అక్క):
చెల్లీ, కలవచ్చు. గాయం మాని, నీకు మనసైతే చాలు, దానికి ఫలానా తేదీ అని లేదు. వేరే గదిలో పడుకునే భర్తల్లో చాలామంది ‘నా చెయ్యి తగిలి నొప్పి పుడుతుందేమో’ అనే భయంతోనే వెళ్తారు. నువ్వే పిలువు. మొదట పక్కపక్కనే పడుకోండి, అంతే. కుడివైపు ఒత్తిగిలి, ఎడమ చేతి కింద దిండు పెట్టుకో. ఆయన బరువు నీ ఛాతీ మీద పడకూడదు. మచ్చ చూపించాలనిపించకపోతే నైటీ ఉంచుకో, తప్పేం లేదు. ఎక్కడ ముట్టుకోవచ్చో, ఎక్కడ వద్దో నోటితో చెప్పు. మొహమాటపడితే ఆయనకు ఎలా తెలుస్తుంది?

ప్రశ్న అడిగినవారు:
అక్కా, ఏడుపొచ్చింది చదువుతుంటే. కీమో జరిగేటప్పుడు కూడా ఫర్వాలేదా? ఆయనకేమైనా అవుతుందా?

జవాబు (క్యాన్సర్ వార్డు నర్సు):
క్యాన్సర్ అంటుకోదమ్మా. బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ కూడా మీ ఒంట్లో ఉండిపోదు, ఆయన నిశ్చింతగా పక్కన పడుకోవచ్చు. కీమో ఎక్కించాక కొన్ని రోజులు మందు ఒంటి ద్రవాల్లో ఉంటుంది, అందుకని కండోమ్ తప్పనిసరి. నెలసరి ఆగినా గర్భం రావచ్చు, కీమోలో అది రాకూడదు. హార్మోన్లున్న గర్భనిరోధక మాత్రలు వాడకండి. పొడిబారి నొప్పిగా ఉంటే నీటితో చేసిన జెల్ వాడండి, హార్మోన్ క్రీములు మీ డాక్టరు చెప్పకుండా వద్దు. రక్తకణాలు బాగా పడిపోయిన రోజుల్లో మాత్రం ఆగమంటారు, అది అడిగి తెలుసుకోండి. ఈసారి మరిదిగారిని బయట కూర్చోబెట్టి మీ ఆయనను లోపలికి తీసుకెళ్లండి. నోరు రాకపోతే చీటీ మీద రాసి ఇవ్వండి, మాకు ఇలాంటివి కొత్త కాదు.