టిల్లీ అంటే కొసరేనా? ఐర్లండ్ పాలకొలతలో ఒక మాట

పాలపిట్ట: అందరికీ నమస్కారం. 1940ల నాటి డబ్లిన్ వీధి మీద రాసిన ఒక పేరా తెలుగు చేస్తుంటే ఒక మాట దగ్గర బండి ఆగిపోయింది. పాలబండి గుమ్మం ముందుకొస్తుంది. ఇల్లాలు జగ్గు పట్టుకుని గడప దిగుతుంది. పాలవాడు పింటు కొలత ముంచి జగ్గులో పోస్తాడు. ఆ వెంటనే "టిల్లీ" పోస్తాడు. ప్రస్తుతానికి "అదనపు పాలు" అని రాసి పెట్టాను. అర్థం తప్పు కాదు గానీ ఆ వాక్యం చదువుతుంటే ప్రభుత్వ ఉత్తర్వులా ఉంది. టిల్లీ అని అలాగే ఉంచి కింద వివరణ ఇవ్వాలా, మనకే మాట ఉందా? అదే పేరాలో "మెసేజెస్", "హాట్ ప్రెస్", "గ్లిమర్ మ్యాన్" అనేవి కూడా ఉన్నాయి. వాటి సంగతీ చెప్పి పుణ్యం కట్టుకోండి.

కరణం: కొసరు. వెతుక్కోవలసిన పనే లేదు. కొన్నదానికి పైన, కొలతలో చేరకుండా, డబ్బు పుచ్చుకోకుండా ఇచ్చేది కొసరు. కన్నడంలోనూ కొసరే, తమిళంలో కొసురు. దక్షిణాది సంత మొత్తానికీ తెలిసిన మాట పెట్టుకుని "అదనపు పాలు" ఎందుకండీ?

నూజివీడు: కరణం గారి మాటే నాదీను. కాకపోతే టిల్లీ ఎక్కడిదో చూస్తే ఈ జోడీ ఎంత బాగా కుదిరిందో తెలుస్తుంది. ఇది ఇంగ్లీషు మాట కాదు, ఐరిష్ మాట. tuilleadh అని రాస్తారు, చివర కనబడే "డీహెచ్" పలకదు. మొదటి అక్షరం మన "ట" కన్నా "త"కే దగ్గర, నాలుక పళ్లకు తగులుతుంది. దక్షిణాన మన్‌స్టర్ వాళ్లు దాదాపు "తిల్య" అంటారు, ఉత్తరాన అల్‌స్టర్‌లో "తిల్యూ" అన్నట్టు వినబడుతుంది. డబ్లిన్ ఇంగ్లీషులోకి వచ్చేసరికి టిల్లీ అయింది. ఐర్లండ్ నుంచి వలస వెళ్లినవాళ్లతో సముద్రం దాటి న్యూఫౌండ్‌లాండ్ ఇంగ్లీషులోనూ చేరింది.

అసలు విశేషం అర్థంలో ఉంది. ఇంగ్లీషులో "మోర్" అనే ఒక్క మాటతో రెండు పనులు జరిగిపోతాయి: దానికన్నా ఎక్కువ, ఉన్నదానికి ఇంకాస్త. ఐరిష్‌లో ఈ రెండూ వేరు. పోల్చి ఎక్కువ అనడానికి "నీస్ మో", ఉన్నదాని మీద ఇంకొంత అనడానికి ఈ "తిల్య". మనకూ అంతే కదా, "ఎక్కువ" వేరు, "ఇంకా" వేరు. "ఇంకాస్త పోయండి" అన్నామంటే ముందు పోసింది తక్కువైందని కాదు. ఇప్పటికీ ఐర్లండ్‌లో బోర్డుల మీద, కరపత్రాల మీద "మరిన్ని వివరాలు" అనడానికి ఈ మాటే వాడతారు. కాబట్టి టిల్లీని ఇంగ్లీషు మీదుగా కాక తిన్నగా ఐరిష్ నుంచి తెచ్చుకుంటే దారి దగ్గర.

ఓరుగల్లు: మంచిగ చెప్పిన్రు. మా దిక్కు గూడ కొసరే. కానీ నాకొక అనుమానం. కొసరు అడిగి తీసుకునేది. కూరగాయలు కొన్నంక "ఇంకో రెండు పచ్చిమిరపకాయలెయ్యి" అని అడుగుతం, ఆయన మొఖం మాడ్చుకుని ఏస్తడు. టిల్లీ అడగకుండనే పోస్తడు కదా. రెండూ ఒకటెట్ల అయితయి?

కరణం: మంచి పట్టే పట్టారు. నామవాచకంగా చూస్తే తేడా లేదు, అడిగినా అడక్కపోయినా చేతికొచ్చింది కొసరే. తేడా అంతా క్రియలో ఉంది. "కొసరింది" అంటే ఇంకా ఇమ్మని అడిగింది, బేరంలో పట్టుబట్టింది అని. "కొసరి కొసరి వడ్డించింది" అన్నప్పుడు మాత్రం ఇచ్చేవాళ్ల వైపు తిరుగుతుంది, వద్దంటున్నా విస్తట్లో ఇంకో గరిటె వేయడం. అందుకని పాలపిట్ట గారు "కొసరు పోశాడు" అని రాస్తే సరిపోతుంది. "కొసరాడు" అని రాశారో, పాలవాడే ఆవిడతో బేరానికి దిగినట్టవుతుంది.

ఇంకో తేడా కూడా గమనించాలి. కూరల బుట్ట దగ్గర మనకు కొసరుగా వచ్చేది తరచు వేరే వస్తువు. వంకాయలు కొంటే కరివేపాకు రెబ్బ, టమాటాలు కొంటే కొత్తిమీర. టిల్లీ అలా కాదు, పాలకు పాలే. డజను అరటిపళ్లకు పదమూడో పండు వేస్తాడే, అది అసలైన పోలిక.

నూజివీడు: పదమూడు అన్నారు కాబట్టి ఇది చెప్పాలి. డబ్లిన్ రచయిత జేమ్స్ జాయిస్ 1927లో పారిస్‌లో "పోమ్స్ పెనీచ్" అని చిన్న కవితల పుస్తకం వేశాడు. పేరులోనే పద్యం ఒక్కింటికి ఒక పెన్నీ అన్న చమత్కారం ఉంది. ధర ఒక షిల్లింగు, అంటే 12 పెన్నీలు. లోపల ఉన్నవి 13 కవితలు. ఆ లెక్కకు మించినదాని పేరు "టిల్లీ". దాన్ని ఆఖర్న కాకుండా మొట్టమొదట పెట్టాడు, కొసరు పోశాకే కొలత ముంచినట్టు. 12 పెన్నీలకు షిల్లింగు, 20 షిల్లింగులకు పౌను అనే ఈ లెక్క ఐర్లండ్‌లో 1971 ఫిబ్రవరి 15న దశాంశ నాణేలు వచ్చేదాకా నడిచింది. పాత పెన్నీ మీద కోడీ పిల్లలూ, అరపెన్నీ మీద పందీ పిల్లలూ ఉండేవి. పాలపిట్ట గారి పేరాలో నాణెం వస్తే "పైసా" అని మార్చకండి, కోడి ఎగిరిపోతుంది.

సీమ మిరప: అసలు పాలకే ఎందుకీ ఆచారమో ఎవరూ చెప్పలేదు. కొలత తెలిసినవాళ్లకు ఇది తేలిక. బియ్యం, కందులు సోలతో కొలిచేటప్పుడు రెండు రకాలుగా కొలవచ్చు. తల కొట్టి కొలిస్తే అంచుకు సమం. గోపురంగా పోస్తే కొసరు కొలతలోనే కలిసిపోతుంది, విడిగా వేయక్కర్లేదు. తూకంలో అయితే సరుకున్న తట్ట కాస్త కిందికి దిగేలా తూస్తారు, దాన్ని మొగ్గు అంటాం. పాలు గోపురం కట్టవు, మొగ్గవు. అంచు దాటితే నేలపాలే. అందుకే పాలకు కొసరు వేరే పోతగా రావాలి.

ఇంకొకటి నురగ. బిందెలోకి కొలత విసురుగా ముంచి తీస్తే పైన వేలెడు నురగ నిలుస్తుంది. కొలత అంచు దాకా నిండినట్టే ఉంటుంది, నురగ చచ్చాక చూస్తే తగ్గుతుంది. జగ్గులోకి వంచేటప్పుడు కొలత గోడలకు పట్టుకుని మిగిలిపోయేదీ ఉంటుంది. ఆ తరుగు పూడాలంటే పైన ఒక చిలకరింపు కావాలి. దానికి కొలత లేదు, పాత్ర ఒకసారి వంచి లేపినంత. కాబట్టి గడుసు ఇల్లాలు టిల్లీని చూసి మురిసిపోదు, ముందు నురగ చూస్తుంది. కొలత తక్కువ చేసి కొసరు పోసేవాడు ఇచ్చేదేమీ లేదు, మన సొమ్మే మనకు రెండు విడతలుగా ఇస్తున్నాడు.

మీగడ సంగతి కూడా ఉంది. పాలబండి మీద నిలబెట్టిన పెద్ద బిందెలో పాలు కాసేపు కదలకుండా ఉంటే మీగడ పైకి తేలుతుంది. పైనుంచి ముంచి పోస్తే మొదటి ఇళ్లకు మీగడ, వీధి చివరి ఇళ్లకు పల్చటి పాలు. అడుగున కుళాయి ఉన్న బిందె అయితే లెక్క తిరగబడుతుంది. కలియబెట్టి పోసేవాడి టిల్లీకీ, కలపనివాడి టిల్లీకీ విలువ ఒకటి కాదు.

పాలపిట్ట: సీమ మిరప గారూ, ఇది బంగారం. మరి పింటును ఏం చేయమంటారు? "అర లీటరు" అనేద్దామా, "సోల" అందామా?

సీమ మిరప: రెండూ వద్దు. పింటు 568 మిల్లీలీటర్లు. అర లీటరు అంటే కొసరుతో సహా 68 మిల్లీలీటర్లు మింగేసినట్టు. సోల అంటే చదివేవాడి కళ్ల ముందు బియ్యపు డబ్బా నిలబడుతుంది. వెనకాలే గిద్దెలు, తవ్వలు, మానికలు బారులు తీరతాయి, డబ్లిన్ కాస్తా దర్శి సంత అవుతుంది. పింటు అనే ఉంచండి. జగ్గు కూడా జగ్గే, చెంబు చేయకండి. ముక్కున్న పింగాణీ జగ్గు వాళ్లది.

నూజివీడు: మిగతా మూడు మాటలు గబగబా చెప్పేస్తాను.

"మెసేజెస్"కు వెళ్లడం అంటే కబురు మోసుకెళ్లడం కాదు, కొట్టుకెళ్లి సరుకులు తేవడం. "పిల్లాణ్ణి సందేశాలకు పంపింది" అని రాస్తే కథ మేఘసందేశం అయిపోతుంది. "సరుకులకు పంపింది", అంతే.

"ప్రెస్" అంటే ఐర్లండ్‌లో తలుపులున్న అర, గూడు. "హాట్ ప్రెస్" అంటే వేణ్ణీళ్ల ట్యాంకు ఉన్న గూడు. ఆ వేడి వృథా పోకుండా చుట్టూ చెక్కపట్టీల అరలు కొట్టి ఉతికిన బట్టలు అందులో పెడతారు. పట్టీల మధ్య సందులు ఎందుకంటే వేడి గాలి పైకి పోవాలి. పలక చెక్క వేస్తే పై అర బట్టలు చెమ్మగానే ఉంటాయి. అక్కడ ఎండ తక్కువ, తడి ఎక్కువ, ఉతికి ఆరేసినా చెమ్మ పూర్తిగా పోదు. తెలుగులో "వెచ్చని బట్టల గూడు" అనవచ్చు. ఇస్త్రీ అని మాత్రం పొరబడకండి.

ఆ గూట్లో దుప్పట్ల ప్రస్తావన ఉంటే ఇదీ పనికొస్తుంది. ఆ కాలంలో పిండి గుడ్డ సంచుల్లో వచ్చేది. సంచి కుట్లు విప్పి, నానబెట్టి, సబ్బు పట్టించి, అచ్చు రంగు పోయేదాకా ఉతికి, గడ్డి మీద ఎండకు పరిచేవారు. నాలుగు సంచులు కలిపి కుడితే ఒక దుప్పటి. రంగు సరిగ్గా పోకపోతే మిల్లు పేరు పక్క మీద కనిపిస్తూనే ఉంటుంది. మధ్యలో నలిగి పల్చబడిన దుప్పటిని పారేయరు. నిలువునా మధ్యకు చీల్చి, గట్టిగా ఉన్న పక్క అంచులు రెండూ ఒకచోట చేర్చి కుడతారు, చీల్చిన వైపులు బయటికి వెళతాయి, వాటిని మడిచి అంచు వేస్తారు. దుప్పటి వెడల్పు కాస్త తగ్గుతుంది. కుట్టు బొద్దుగా వేస్తే రాత్రంతా వీపుకు తగులుతుంది, అందుకే మధ్య కుట్టు పల్చగా, చదునుగా రావాలి.

"గ్లిమర్ మ్యాన్" రెండో ప్రపంచయుద్ధ కాలం మాట. ఐర్లండ్ యుద్ధంలో చేరలేదు, ఆ రోజుల్ని వాళ్లు "ఎమర్జెన్సీ" అంటారు. మన 1975 నాటిది అనుకుని "అత్యవసర పరిస్థితి" అని మాత్రమే రాస్తే చదివేవాడు ఢిల్లీ వెళ్లిపోతాడు, "యుద్ధకాలపు" అని ముందు చేర్చండి. 1941లో టీ పొడి మనిషికి వారానికి అర ఔన్సుకు, అంటే 14 గ్రాములకు పడిపోయింది. బొగ్గు చాలక డబ్లిన్‌లో వంట గ్యాస్‌ను కొన్ని గంటలే వదిలేవారు. కట్టేశాక కూడా గొట్టాల్లో మిగిలింది సన్నగా మండేది, అదే గ్లిమర్. దాని మీద దొంగచాటుగా టీ కాచుకుంటున్నారేమోనని గ్యాస్ కంపెనీ మనిషి ఇంట్లోకొచ్చి పొయ్యి మీద చెయ్యి పెట్టి చూసేవాడు. వెచ్చగా ఉంటే దొరికిపోయినట్టే. "మిణుకు మనిషి" అంటే ఎలా ఉంటుంది?

ఓరుగల్లు: మిణుకు మనిషి బాగుంది. దీపం మిణుకుమిణుకుమన్నట్టు. అట్లనే ఉంచుండ్రి.

కరణం: కొసరుతో కలిపి పారేయకూడని మాట ఇంకొకటి వాళ్లకుంది, "లక్ పెన్నీ". పశువుల సంతలో బేరం కుదిరి డబ్బు చేతులు మారాక, అమ్మినవాడు అందులోంచి కొంత తీసి కొన్నవాడికి తిరిగిస్తాడు. గొడ్డు అచ్చిరావాలని. మన బయానా దీనికి సరిగ్గా ఎదురు, అది కొనేవాడు బేరం ఖాయం కావడానికి ముందే ఇచ్చేది. కొసరు కూడా కాదు, కొసరులో సరుకు వస్తుంది, దీనిలో సొమ్ము వెనక్కి వస్తుంది. "అచ్చిరావడానికి తిరిగిచ్చిన పైసలు" అని విప్పి రాయడమే నయం. "అదృష్టపు పెన్నీ" అన్నారంటే ఎవరో దారిలో దొరికిన నాణెం జేబులో దాచుకున్నట్టుంటుంది.

సీమ మిరప: ఇప్పటి "ఒకటి కొంటే ఒకటి ఉచితం"ను కూడా కొందరు కొసరు అంటున్నారు. నాకది మింగుడుపడదు. ముందే గోడ మీద రాసి ప్రకటించింది ధరలో భాగం. కొసరు బేరం ముగిశాకే పుడుతుంది. టిల్లీ కూడా అందుకే పోయింది. సీసాలో నింపి మూత బిగించిన పాలలోకి పైనుంచి ఏం పోస్తాడు? ఇచ్చే మనసున్నా చోటు లేదు.

పాలపిట్ట: అందరికీ ధన్యవాదాలు. ఇలా మార్చాను, చూడండి:

"పాలవాడు పింటు కొలత నిండా ముంచి, నురగ చావనిచ్చి, ఆవిడ జగ్గులోకి వంచాడు. తర్వాత, ఎవరూ అడక్కుండానే, వాళ్ల మాటలో టిల్లీ, ఇంత కొసరు పోశాడు."

ఓరుగల్లు: మంచిగుంది. "ఇంత కొసరు"ల ఆ "ఇంత" అస్సలు తియ్యొద్దు.

కరణం: బాగుంది. "వాళ్ల మాటలో టిల్లీ" ఒక్కసారికి చాలు, రెండో చోట నుంచి కొసరు అనే రాయండి. ఇంకొక్కటి, మూలంలో లేని "నురగ చావనిచ్చి" మీరు చేర్చింది. సీమ మిరప గారి మీద గౌరవంతోనే అంటున్నాను, అది తీసేయండి. మీ పాలవాడు మరీ నిజాయితీపరుడైపోయాడు.